విజయవాడ కృష్ణలంక కట్ట మీద కుర్రాళ్లతో పని: మూడు సంస్థలు కలిసి చేయాలంటే ఒప్పందం ఎలా రాసుకోవాలి?

కృష్ణలంక యూత్:
అందరికీ వందనాలు. సాయంత్రం పూట కృష్ణా నది రిటైనింగ్ వాల్ వెంట, ఘాట్ల దగ్గర కూర్చునే 14–20 ఏళ్ల పిల్లల దగ్గరికి మనమే వెళ్లాలన్నది ఆలోచన. వాళ్లను చర్చికి రమ్మనడం కాదు, వాళ్లున్న చోటే పరిచర్య. ఒక సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘం, ఒక రిజిస్టర్డ్ స్వచ్ఛంద సంస్థ కలుస్తున్నాయి. ఒప్పందంలో ఏం రాయాలి? ఆ సంస్థకు విదేశీ నిధులు ఉన్నాయి, అందులోంచి సంఘాలకు ఖర్చులిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

పటమట బ్రదర్:
ముందు కలిసి నడవండి బ్రదర్, కాగితం తర్వాత. ఆరు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు, 6 నుంచి 8:30 దాకా. ఇద్దరిద్దరు చొప్పున వెళ్లాలి, ఆ ఇద్దరూ వేర్వేరు సంస్థల వాళ్లయి ఉండాలి. ఒకే సంఘం వాళ్లు జంటగా వెళ్తే అది ఆ సంఘం పనైపోతుంది. ఆడపిల్లలుండే చోటికి అక్క ఒకరు తప్పనిసరి. ఈ ఆరు వారాలూ కరపత్రాలు వద్దు, పాటలు వద్దు. ఎవరు ఎప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి, పలకరిస్తే మాట్లాడండి. నోట్‌బుక్‌లో ‘మూడో మెట్ల దగ్గర, 7:10, ఐదుగురు, ఇద్దరు కొత్త’ అని రాస్తే చాలు. పేర్లు వద్దు.

ఆ తర్వాత మూడు సంస్థలూ ‘ఏడాది తర్వాత ఏం జరిగితే పని బాగా జరిగినట్టు?’ అన్న ప్రశ్నకు విడివిడిగా జవాబు రాయాలి. పొత్తులు చెడేది సాధారణంగా ఇక్కడే. ఒకరు యూత్ మీటింగ్ హాజరు అంటారు, ఇంకొకరు చదువు మానేసిన వాళ్లలో ఎంతమంది ఓపెన్ స్కూల్లో చేరారు అంటారు. ఈ తేడా మొదటి నెలలోనే బయటపడాలి. లేకపోతే ఆరో నెలలో గొర్రెల దొంగతనం (ఒక సంఘం వాళ్లను ఇంకో సంఘం లాక్కోవడం) అనే మాట వస్తుంది, ఇక పాస్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

కాబట్టి ‘మేం చేయనివి’ అని ఒక పేజీ రాసుకోండి. ఎవరూ తమ సంఘానికి పిలవరు. మీరెవరని అడిగితే క్రైస్తవులమనీ, ఏ సంఘమో కూడా దాచకుండా చెప్పాలి. ప్రార్థనకు ఒప్పుకుంటేనే సాయం అన్న షరతు ఎక్కడా ఉండకూడదు. తల్లిదండ్రుల భయం దాని గురించే, ఆ భయం న్యాయమైనదే.

గుంటూరు లెక్కలు:
డబ్బు సంగతి. తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సెక్షన్ 7 ప్రకారం విదేశీ విరాళాన్ని మరెవరికీ బదిలీ చేయకూడదు, తీసుకునే వారికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. ఆ సంస్థే నేరుగా ఖర్చు పెట్టాలి: బిల్లు వాళ్ల పేరు మీద, వోచర్ వాళ్ల పుస్తకంలో. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు కూడా. సంఘాలు కానుకల్లోంచి తమ వంతు పెట్టుకోవాలి. ఉమ్మడి ఖాతా తెరవకండి. ఐడీ కార్డులు ఒకరు, టీ ఖర్చు ఒకరు, శిక్షణ ఒకరు అని పంచుకుంటే గొడవ ఉండదు. సంతకాలకు ముందు ఒప్పందంలో డబ్బు గురించి రాసిన పేజీ ఆడిటర్‌కు చూపించండి.

బాలల రక్షణ అక్క:
ఒప్పందాల్లో ‘ఏదైనా తెలిస్తే ముందు టీమ్ లీడర్‌కు, ఆయన పాస్టర్ గారికి’ అని రాస్తుంటారు. దయచేసి ఆ వాక్యం వద్దు. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పాల్సిందేనని 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 అంటోంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడు దాస్తే ఏడాది వరకు. తెలిసినవారే చెప్పాలి, కమిటీ మీటింగ్ దాకా ఆగకూడదు.

ఇంటి నుంచి వచ్చేసిన పిల్లవాడు స్టేషన్ దగ్గరో బస్టాండ్‌లోనో ఒంటరిగా కనిపిస్తే 24 గంటల్లోపు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో తెలియజేయాలి. చర్చిలో పడుకోబెట్టేయకూడదు, అది మంచి మనసుతో చేసే తప్పు. ఐడీ కార్డు వెనక 1098, 112, మానసిక సమస్యలకు 14416, మత్తు మానాలనుకునే వారికి 14446 అచ్చు వేయించండి. ఫొటోలు, లైవ్‌లు పూర్తిగా నిషేధం. దాత అడిగినా సరే.

కృష్ణలంక యూత్:
చాలా ఉపయోగపడింది. ఒకరు మధ్యలో తప్పుకుంటే ఎలా? డిసెంబర్‌లో ఎవరూ దొరకరేమో అన్నది ఇంకో భయం.

పటమట బ్రదర్:
తప్పుకోవాలంటే నెల ముందు చెప్పాలని రాయండి. ఆ నెలంతా వెళ్లిపోయేవారు, కొత్తవారు కలిసి కట్ట మీదకు రావాలి. వాట్సాప్‌లో అప్పగిస్తే కుదరదు, పిల్లలు ముఖాలను నమ్ముతారు.

డిసెంబర్ డ్యూటీ జాబితా సెప్టెంబర్‌లోనే వేయండి. క్యారల్స్‌కు అందరూ వెళ్లిపోయి నాలుగు వారాలు ఎవరూ కనపడకపోతే జనవరిలో మళ్లీ మొదటి నుంచే. అవసరమైతే వారానికి ఒక్క సాయంత్రమే పెట్టుకోండి, అది మాత్రం మానకండి. ఫిబ్రవరి 9–11 గుణదల మేరీమాత ఉత్సవాలకు కూడా మనుషులు తగ్గుతారు. దసరా రోజుల్లో ఘాట్లు భక్తులతో నిండిపోతాయి, అప్పుడు అక్కడికి వెళ్లొద్దు. వేరే చోటు ఏదో, ఏ రోజో పిల్లలకు ముందు వారమే చెప్పేయండి.