లంబసింగి ట్రిప్‌కి బ్యాటరీ ప్రీహీట్ చెయ్యాలా? అసలు మన కోనసీమలో ఆ అవసరం ఉందా?

అమలాపురం_ఈవీ:
నమస్తే అండి అందరికీ. దసరాకి ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం, ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) బ్యాటరీ, ఇప్పటిదాకా రాజోలు, యానాం, కాకినాడ ఈ చుట్టుపక్కలే తిప్పుతున్నాం, ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు సంక్రాంతికి మా అక్కా బావా మిన్నియాపాలిస్ నుంచి వస్తున్నారు, కనుమ అయిపోగానే నలుగురం కలిసి లంబసింగి వెళ్దామని ప్లాను. బావేమో ఫోన్లో ఒకటే గోల, చలికాలం బ్యాటరీ వేడెక్కించకుండా బండి తియ్యకూడదు, మేం ఇక్కడ ప్రీహీట్ పెట్టుకుని గానీ గరాజ్‌లోంచి కదలం, నువ్వు రోజూ చెయ్యట్లేదా అని. నా యాప్‌లో ప్రీకండిషనింగ్ అని ఒక బటన్ ఉంది గానీ నొక్కితే లోపల ఏసీ ఆన్ అవుతుంది తప్ప బ్యాటరీకి ఏం అవుతుందో తెలీట్లేదు. షోరూమ్‌లో అడిగితే ఒకాయన తప్పకుండా చెయ్యాలన్నాడు, పక్కాయన అక్కర్లేదన్నాడు. ఇక్కడ రోజూ చెయ్యాలా? లంబసింగిలో రాత్రంతా బయట పెడితే పొద్దున్నే స్టార్ట్ అవుద్దా? రేంజ్ ఎంత పడిపోద్ది? తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

చేపలచెరువు_భీమవరం:
మన దగ్గర చలేంటండి బాబూ 😄 ధనుర్మాసంలో తెల్లారుజామున గుడికెళ్లేటప్పుడు కూడా 18, 20 ఉంటది, మనం మఫ్లర్లు చుట్టుకుంటాం గానీ బ్యాటరీకి అది హాయిగా ఉండే టెంపరేచర్. మీ బావగారు మరీ పట్టుబడితే భోగి మంట పక్కన ఓ పావుగంట పార్క్ చేసి చూపించండి. జోకండోయ్, నిజంగా పెట్టేరు.

ఆ బటన్ సంగతి మాత్రం సీరియస్‌గానే చెప్తున్నా. ఇక్కడ అమ్మే చాలా బళ్లలో యాప్‌లో ప్రీకండిషనింగ్ అంటే క్యాబిన్‌కే, మీరు ఎక్కేలోపు సీట్లు చల్లబరచడానికి. బ్యాటరీని వేడెక్కించడం వేరే పని, దానికి బ్యాటరీ చుట్టూ తిరిగే కూలెంట్‌ని వేడిచేసే హీటర్ ఉండాలి, అది కొన్ని బళ్లకి ఉంటది కొన్నిటికి ఉండదు, కొన్నిట్లో వాళ్లు వాడినా మనకి బటన్ ఇవ్వరు, కారే అవసరమైతే చేసుకుంటది. ఓనర్స్ మాన్యువల్‌లో బ్యాటరీ హీటింగ్ అని విడిగా రాసుందేమో చూడండి, లేదంటే ఆ టాపిక్ అక్కడితో క్లోజ్.

పాలకొల్లు_టు_కాల్గరీ:
మీ బావగారు చెప్పింది కరెక్టే అండి, కాకపోతే ఆయన ఊరికి కరెక్టు. నేనుండేది కాల్గరీ, ఇక్కడ మైనస్ 25 అంటే వార్త కూడా కాదు.

అసలు సమస్య నడపడం కన్నా చార్జింగ్‌తో ఎక్కువ. సున్నా కిందకి పోయిన సెల్‌లోకి గట్టిగా కరెంట్ తోస్తే లిథియం, సెల్‌లో నెగటివ్ వైపు ఉండే గ్రాఫైట్ లోపలికి దూరలేక పైనే లోహంలాగా పేరుకుపోద్ది, దాన్నే ప్లేటింగ్ అంటారు, అలా పేరుకున్నదాంట్లో చాలా భాగం మళ్లీ పనికి రాదు, కెపాసిటీ శాశ్వతంగా పోయినట్టే, బాగా ముదిరితే సెల్‌లో షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్, ముందే చూసుకుని కరెంట్ తగ్గించేస్తది, అసలు ఎక్కించకుండా కూడా ఆపేస్తది. మీది ఎల్ఎఫ్‌పీ కాబట్టి చలిలో ఇంకాస్త మొండిగా ఉంటది. 2024 జనవరిలో చికాగోలో చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు బారులు తీరి ఆగిపోయినట్టు వీడియోలు వచ్చాయి గుర్తుందా, అక్కడ జరిగింది చాలావరకు ఇదే, చల్లారిపోయిన బ్యాటరీతో వచ్చి ప్లగ్ పెడితే ఎక్కదు, వెనకాల క్యూ పెరిగిపోద్ది. అందుకే మేం రాత్రి ప్లగ్‌లోనే ఉంచి బయల్దేరే టైమ్ సెట్ చేసుకుంటాం, వేడెక్కడానికి అయ్యే కరెంట్ గోడలోంచి పోద్ది గానీ మన రేంజ్‌లోంచి పోదు. ఫాస్ట్ చార్జర్‌కి వెళ్తున్నామని నావిగేషన్‌లో పెడితే కొన్ని కార్లు దార్లోనే బ్యాటరీని కాచుకుంటూ వెళ్తాయి.

రేంజ్ అడిగారు కదా. ట్రిపుల్ఏ అని అమెరికాలో వాహనదారుల సంఘం ఉంది, వాళ్లు 2019లో ఐదు కార్లు టెస్ట్ చేస్తే మైనస్ 7 దగ్గర హీటర్ వేసుకుంటే సగటున 41 శాతం రేంజ్ పోయింది, హీటర్ వెయ్యకపోతే 12 శాతమే. ఎక్కువ తినేది హీటర్ అన్నమాట. లంబసింగిలో మీకు మైనస్ 7 రాదు కాబట్టి ఈ నంబర్లు చూసి బెంగ పెట్టుకోకండి.

తణుకు_బాబాయ్:
అందరూ చలి గురించే చెప్తున్నారు, నేను ఘాట్ గురించి చెప్తా తమ్ముడూ, నీకు పనికొచ్చేది అదే.

నువ్వు యానాం, కాకినాడ, కత్తిపూడి మీదుగా వచ్చి తుని దగ్గర హైవే వదుల్తావు కదా, ఫాస్ట్ చార్జింగ్ ఏదున్నా హైవే మీదే కానిచ్చెయ్, నర్సీపట్నం వైపు తిరిగాక వెతుక్కునే పని పెట్టుకోకు. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లే గానీ 900 మీటర్ల పైన ఎత్తు ఎక్కాలి. నలుగురు మనుషులూ లగేజీ కలిపి బండి 1,800 కిలోలనుకో, ఆ ఎత్తుకే నాలుగున్నర యూనిట్లు అదనంగా పోద్ది, మామూలు ఖర్చు కాక. మీటర్ మీద రేంజ్ దబదబా పడిపోతుంటే కంగారు పడకు, దిగేటప్పుడు రీజెన్‌లో, అంటే బండి వేగం తగ్గిస్తూ మోటారే బ్యాటరీని చార్జ్ చేస్తది కదా, అందులో సగం పైనే తిరిగొస్తది.

ఇక్కడే అందరూ మర్చిపోయే ముక్క ఒకటుంది. పైన లాడ్జిలో రాత్రి 100 కొట్టేసి పొద్దున్నే దిగావనుకో, నిండిన బ్యాటరీలోకి రీజెన్ కరెంట్ పోడానికి చోటుండదు, పైగా పొద్దుటి చలికి అది తీసుకునేదే తక్కువ, అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీద పడిపోద్ది. ఆ మంచులో ఆ మలుపుల్లో అది మంచిది కాదు. పైన 80 దాటనివ్వకు. అంతకంటే అవసరం కూడా లేదు, కిందకి దిగడమే కదా.

స్టార్ట్ అవ్వదేమో అన్న భయం పాత డీజిల్ బళ్ల అలవాటు. దీనికి సెల్ఫ్ కొట్టే పని లేదు, 12 వోల్ట్ బ్యాటరీ బాగుంటే చాలు. అక్కడ ఒక్కోసారి సున్నా దగ్గరికి పడినా, ఘాట్ ఎక్కి వచ్చిన బ్యాటరీ వెచ్చగా ఉంటది, మూడొందల కిలోల ముద్ద ఒక్క రాత్రిలో అంత తొందరగా చల్లారదు. కాస్త చల్లారినా మొదటి అయిదు కిలోమీటర్లు నెమ్మదిగా పోతే అదే సర్దుకుంటది.

అమలాపురం_ఈవీ:
చాలా థ్యాంక్స్ అండి. మాన్యువల్ మొత్తం తిరగేశా, నా బండికి బ్యాటరీ హీటింగ్ అనేది ఎక్కడా లేదు, భీమవరం గారు అన్నట్టు బటన్ ఏసీకే. బావకి ఈ లింక్ పంపించేశా, ఇంకా రిప్లై లేదు 😀 లాడ్జి వాడు మాత్రం ప్లగ్ పాయింట్ ఉంది సార్ అంటున్నాడు, నమ్మొచ్చా?

తణుకు_బాబాయ్:
ఫోన్ చార్జర్ పెట్టుకునే పాయింట్‌ని కూడా వాడు ప్లగ్ పాయింటే అంటాడు. 15 యాంప్స్ సాకెట్టా, ఎర్తింగ్ ఉందా అడుగు, ఎర్త్ సరిగ్గా లేకపోతే చాలా చార్జర్లు ఎర్ర లైట్ వేసి కూర్చుంటాయి. కరెంట్ కోతలు కూడా ఉంటాయి కాబట్టి అసలు దాని మీద ఆధారపడకుండా కిందే నింపుకుని వెళ్లు. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి ఇస్తానంటే మాత్రం వద్దను, ఆ వైరు రాత్రంతా కారు లోడ్ మొయ్యలేదు, కాలిపోద్ది.

పాలకొల్లు_టు_కాల్గరీ:
ఇంకోటి, మన ఊళ్లో మీరు భయపడాల్సింది జనవరికి కాదు, మే నెలకి. 42 డిగ్రీల ఎండలో 100 శాతం నింపి రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ తొందరగా ముసలిదైపోద్ది. ఊరెళ్తే సగం చార్జ్‌లో నీడన పెట్టి వెళ్లండి. ఎల్ఎఫ్‌పీ కాబట్టి కంపెనీ వాళ్లు అప్పుడప్పుడు 100 కొట్టమంటారు, అది కొట్టండి, కొట్టిన వెంటనే వాడెయ్యండి.

చేపలచెరువు_భీమవరం:
లంబసింగి స్ట్రాబెర్రీలు తెస్తే భీమవరం వైపు రండి, చార్జింగ్ ఫ్రీ. మా చెరువు గట్టు మీద త్రీ ఫేజ్ ఉంది.