శ్రీలంక 13వ సవరణ: ప్రావిన్సులకు పోలీసు, భూమి అధికారాలు ఇస్తే దేశం చీలుతుందా?

కృష్ణాతీరం
1987లో రాజీవ్‌గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందంతో ఆ దేశ రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది, తొమ్మిది ప్రావిన్సులకు కౌన్సిళ్లు పెట్టాలన్నారు. 2014 తర్వాత ఒక్కదానికీ ఎన్నిక లేదు. అయినా దేశం నడుస్తోంది. అంటే అవి ఎవరికీ అక్కర్లేదనేగా? పైగా తమిళులు ఎక్కువున్న ఉత్తరానికి పోలీసులనూ భూములనూ అప్పగిస్తే, రేపు విడిపోతామనరని గ్యారంటీ ఏంటి?

మల్లెతీగ
అక్కర్లేదని ఎవరన్నారండీ? 2013లో ఉత్తరంలో మొదటిసారి ఎన్నిక పెడితే 38 సీట్లలో 30 తమిళ కూటమికి వచ్చాయి. సుప్రీంకోర్టు మాజీ జడ్జి విఘ్నేశ్వరన్ ముఖ్యమంత్రయ్యారు. కానీ చేతిలో ఏముంది? కార్యనిర్వాహక అధికారం గవర్నర్‌ది, గవర్నర్‌ను వేసేది అధ్యక్షుడు. అప్పటి గవర్నరేమో మాజీ సైనికాధికారి! సవరణలో రాసిన పోలీసు, భూమి అధికారాలు కాగితం మీదే ఉండిపోయాయి.

ఎన్నికలు ఆగింది కూడా జనం వద్దనుకుని కాదు. 2017లో ఎన్నికల చట్టం మార్చారు. తీరా నియోజకవర్గాల పునర్విభజన నివేదికను మరుసటి ఏడాది పార్లమెంటే తిరస్కరించింది. పాత పద్ధతి పోయింది, కొత్తది రాలేదు.

ఇక చీలిక భయం. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. 1957లో ప్రాంతీయ మండళ్ల కోసం తమిళ నేత చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్న ప్రధాని బండారనాయకే, భిక్షువుల ఒత్తిడికి 1958లో దాన్ని రద్దు చేశారు. ప్రత్యేక దేశం తీర్మానం వచ్చింది 1976లో. ఏది ముందో మీరే చూడండి.

కృష్ణాతీరం
సరే, మరి 1987లో ఇస్తామన్నప్పుడు ఎల్టీటీఈ (ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన సాయుధ సంస్థ) తుపాకీ దించిందా?

తూర్పుగాలి
మీ ఇద్దరి వాదనలో ముస్లింలు ఎక్కడా లేరు. తూర్పు ప్రావిన్స్‌లో తమిళులు, ముస్లింలు దాదాపు సమానం, సింహళీయులు నాలుగో వంతుకు కాస్త తక్కువ. అక్కడి ముస్లింలు మాట్లాడేదీ తమిళమే, కానీ తమను వేరే జాతిగానే చూసుకుంటారు. 1990లో ఉత్తరంలోని ముస్లింలను ఎల్టీటీఈ మూకుమ్మడిగా వెళ్లగొట్టింది. ఆ తర్వాత ఉత్తరం, తూర్పు కలిపి ఒకే ప్రావిన్స్ అంటే వాళ్లెలా ఒప్పుకుంటారు? 1987 ఒప్పందం ప్రకారం జరిగిన ఆ విలీనాన్ని 2006లో సుప్రీంకోర్టు కొట్టేయడం మంచిదే అంటాను. 2015లో తూర్పులో 7 సీట్ల ముస్లిం కాంగ్రెస్ నేత ముఖ్యమంత్రి అయితే, 11 సీట్లున్న తమిళ కూటమి ఆ మంత్రివర్గంలో చేరింది. విలీనం ఉంటే ఇది జరిగేదా?

మల్లెతీగ
విలీనం వద్దన్నంతవరకు మీతోనే ఉన్నా. కానీ దాన్ని సాకుగా చూపి ఉత్తరానికి రాసిచ్చినవి ఆపడం కుదరదు.

కృష్ణాతీరం
ఎన్నికలు పెట్టమనండి, భూమి ఇవ్వమనండి. పోలీసు మాత్రం కొలంబో దగ్గరే ఉండాలి.