మిషిగన్ ఎమర్జెన్సీ మేనేజర్ నియామకం: కోర్టులో ఏ వాదన నిలుస్తుంది?

ప్రశ్న

మిషిగన్ 2012 నాటి 436వ చట్టం చదువుతున్నాను. నగరం ఖజానా ఖాళీ అయితే దాన్ని నడపడానికి గవర్నర్ ఎమర్జెన్సీ మేనేజర్‌ని వేస్తారు, మేయరూ కౌన్సిలూ పేరుకే మిగులుతారు. జనం ఓటేసి గెలిపించినవాళ్లను ఇలా పక్కన పెట్టడం అమెరికా రాజ్యాంగానికి విరుద్ధం కాదా? కౌన్సిల్ కోర్టుకెక్కడానికి అసలు దారి ఉందా?

జవాబు 1

"ఓటు హక్కు పోయింది" అన్న వాదనే ఎవరికైనా ముందు తడుతుంది, ముందు ఓడేదీ అదే. 1907లో హంటర్ వర్సెస్ పిట్స్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది: నగరపాలికను పుట్టించింది రాష్ట్రమే, దాని అధికారాలు పెంచినా తగ్గించినా రాష్ట్రం ఇష్టం. స్థానిక పాలనాపరమైన పదవులను ఎన్నికతోనే నింపాలని లేదని 1967లో సెయిలర్స్ కేసు చెప్పింది. ఈ రెండూ దాటకుండా ఫెడరల్ కోర్టులో గెలవలేరు.

436వ చట్టం మీద వేసిన ఫిలిప్స్ వర్సెస్ స్నైడర్ కేసులో డ్యూ ప్రాసెస్ (న్యాయమైన విధానం లేకుండా హక్కులు లాక్కోకూడదన్న నియమం), రిపబ్లికన్ తరహా ప్రభుత్వ హామీ (ప్రతి రాష్ట్రంలో ప్రజలెన్నుకున్న ప్రభుత్వం ఉంటుందన్న రాజ్యాంగ హామీ), బానిసత్వాన్ని నిషేధించే 13వ సవరణ అన్నీ పెట్టారు. 2016 సెప్టెంబరులో ఆరో సర్క్యూట్ కోర్టు (మిషిగన్ కేసులు వినే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) ఏదీ ఒప్పుకోలేదు. ఓటింగ్ హక్కుల చట్టం 2వ సెక్షన్ కూడా పనికిరాలేదు. మేనేజర్‌ది నియామకపు పదవి కదా, ఆ సెక్షన్ ఎన్నికల గురించి. 2017లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

జవాబు 2

పైదానికి చిన్న సవరణ. ఆ కేసులోనే జాతి వివక్ష మీద వేసిన ఈక్వల్ ప్రొటెక్షన్ (చట్టం ముందు సమాన రక్షణ) వాదనను ఫెడరల్ జిల్లా కోర్టు 2014లో కొట్టేయలేదు. అది ఆరో సర్క్యూట్ దాకా వెళ్లనే లేదు. కాబట్టి "అన్నీ ఓడిపోయాయి" అనడం సరికాదు.

ఇక కౌన్సిల్‌కి ఉన్న దారి చట్టంలోనే ఉంది, కానీ ఇరుకు. రివ్యూ టీమ్ (నగరం ఆర్థిక స్థితిని పరిశీలించే బృందం) నివేదిక మీద గవర్నర్ ఆర్థిక అత్యవసర పరిస్థితిని ఖాయం చేశాక, 10 పనిదినాల్లో కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్‌కి (రాష్ట్ర ప్రభుత్వం మీద కేసులు వినే మిషిగన్ కోర్టు) అప్పీలు చేయాలి. అందుకు 2/3 మెజారిటీ తీర్మానం కావాలి. ఆ లెక్క సమావేశానికి వచ్చినవాళ్లలో కాదు, పదవిలో ఉన్న మొత్తం సభ్యుల్లో. 9 మంది కౌన్సిల్‌లో 7గురే వచ్చినా 6 ఓట్లు పడాల్సిందే.

దెబ్బతినేది గడువుల దగ్గర. ఖాయం చేసిన 7 రోజుల్లోనే కౌన్సిల్ నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి: రాష్ట్రంతో ఒప్పందం, ఎమర్జెన్సీ మేనేజర్, తటస్థ మధ్యవర్తి, దివాలా. అప్పీలు సంగతి చూద్దామని కూర్చుంటే ఈ గడువు ముందే దాటిపోతుంది, చట్టం మిమ్మల్ని మధ్యవర్తి దారిలోకి నెట్టేస్తుంది.

కోర్టు చూసేది కూడా రెండే: నిర్ణయానికి రికార్డులో గట్టి ఆధారం ఉందా, లేక అది ఇష్టారాజ్యంగా చేసిందా. అందుకే ప్రజాస్వామ్యం గురించి పేజీలు రాసే బదులు ఆడిట్ అంకెలు, లోటు లెక్క, నగదు నిల్వ అంచనా ఎక్కడ తప్పాయో చూపించడం మేలు.

జవాబు 3

రాష్ట్ర రాజ్యాంగం వైపు కూడా చూడండి. 436కి ముందున్న ఎమర్జెన్సీ మేనేజర్ చట్టాన్ని, అంటే 2011 నాటి 4వ చట్టాన్ని, 2012 నవంబరు రిఫరెండంలో (చట్టం మీద ప్రజల ఓటు) ఓటర్లే రద్దు చేశారు. రిఫరెండం కోరిన పిటిషన్ బ్యాలెట్ ఎక్కడానికి ముందు దాని అక్షరాల సైజు 14 పాయింట్లు ఉందా లేదా అని మిషిగన్ సుప్రీంకోర్టు దాకా కొట్లాడుకున్నారు! డిసెంబరులోనే 436 వచ్చింది, ఈసారి బడ్జెట్ కేటాయింపు జతచేసి. మిషిగన్‌లో కేటాయింపు ఉన్న చట్టం మీద రిఫరెండం కుదరదు. తెలివి అనండి, మోసం అనండి.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోనూ ఇలాగే రాష్ట్రం రిసీవర్‌ని (నగర పాలన చేతిలోకి తీసుకునే అధికారి) వేస్తే, సెంట్రల్ ఫాల్స్ నగర మేయర్ హోమ్ రూల్ (నగరాల స్వపరిపాలన హక్కు) వాదన ఎత్తుకున్నారు. చట్టం అన్ని ఊళ్లకూ ఒకేలా వర్తిస్తుందని, పాలన స్వరూపాన్ని మార్చదని 2011లో అక్కడి సుప్రీంకోర్టు రిసీవర్‌నే సమర్థించింది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మరి మేనేజర్ యూనియన్ ఒప్పందాలు రద్దు చేస్తే?

జవాబు 2

అక్కడ కొంచెం బలం ఉంది. రాష్ట్రాలు ఒప్పందాలను దెబ్బతీయకూడదని రాజ్యాంగం 1వ అధికరణ 10వ సెక్షన్ అంటుంది. కానీ దివాలా చట్టం అమెరికా కాంగ్రెస్‌ది (అక్కడి పార్లమెంటు), ఆ నిషేధం దానికి లేదు. మిషిగన్‌లోని డెట్రాయిట్ నగరం 2013 జులై 18న దివాలా పిటిషన్ వేసింది. పెన్షన్లకు మిషిగన్ రాజ్యాంగ రక్షణ ఉన్నా కోత పెట్టొచ్చని ఆ డిసెంబరులో దివాలా కోర్టు జడ్జి రోడ్స్ తీర్పిచ్చారు. అందుకని యూనియన్ కేసు వేయాల్సింది దివాలా పిటిషన్ పడకముందే. పడ్డాక ఆటోమేటిక్ స్టే (దానంతటదే వచ్చే నిలుపుదల) వస్తుంది, బయటి కేసులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.