నక్షత్రాలు ‘గమ్మున’ ఆరిపోవచ్చా?

కావలి: సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అనగానే అందరూ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ దగ్గరే ఆగిపోతారు. నేనేమో ఆయన చిన్న కథల్లో పడ్డాను. 1953 నాటి ‘ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్’ చివరి వాక్యం మూడు రోజులుగా వదలడం లేదు. లామాలు, అంటే టిబెట్ బౌద్ధ సన్యాసులు, కంప్యూటర్‌తో దేవుడి పేర్లన్నీ రాయించే పని పూర్తి కావస్తుంది. కొండ దిగుతున్న ఇంజినీర్లు తలెత్తి చూస్తే నక్షత్రాలు ఆరిపోతుంటాయి, ఏ హడావుడీ లేకుండా. మా పాపకు చెబుతూ ‘గమ్మున ఆరిపోతున్నాయి’ అనేశాను. సరిపోయిందా?

ఒంగోలు: పాత కథల్లో ‘గమ్మున లేచి’ అంటే చటుక్కున లేచి అనే కదండీ. అలాగైతే కథే చెడిపోతుంది.

కోవూరు: మా అమ్మ ‘గమ్మునుండరా’ అన్నది చటుక్కున ఉండమనా అన్నా? నెల్లూరులో దానికి ఒకటే అర్థం, నోరెత్తొద్దని.

పొదిలి: అగరొత్తులు కూడా గమ్మునే వాసనొస్తాయి. మూడోది రాసుకోండి.

ఒంగోలు: గొడవెందుకు, ‘సడీచప్పుడూ లేకుండా’ అంటే పోలా?

కావలి: నక్షత్రాలు ఎప్పుడు చప్పుడు చేశాయి సార్? లోకం ముగిసిపోతుంటే ఉరుమూ లేదు, మెరుపూ లేదు. పడుకోబోయే ముందు అవ్వ ఒక్కో గదిలో లైటు తీసేసుకుంటూ పోయినట్టుంది. నాకు కావాల్సింది ఆ మాట.

పొదిలి: అయితే ‘ఆరిపోవడం’ కూడా తప్పే. మా నాయనమ్మ దీపం ‘కొండెక్కింది’ అనేది, ‘ఆరింది’ అంటే ఊరుకునేది కాదు. మీ కథలో ఎలాగూ కొండ ఉంది.

ఆత్మకూరు: నక్షత్రాలంటే నన్నయ్య గుర్తుకు రాలేదా ఎవరికీ? ‘శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారక హార పంక్తులం జారుతరంబు లయ్యె’. ఆయన భారతం ఆ నక్షత్రాల దగ్గరే ఆగింది. 14వ శతాబ్దంలో మన ఎర్రన ‘స్ఫురదరుణాంశు రాగరుచి’ అంటూ తెల్లవారుజాము నుంచి అందుకున్నాడు. మధ్యలో ఆ నక్షత్రాలు గమ్మునే ఆరాయనుకోవాలి.

కోవూరు: టెన్త్‌లో నేను నక్షత్రాలు జారుతున్నాయనే అర్థం రాశాను మాస్టారూ. సున్నా వేశారు.

ఆత్మకూరు: వేయరా మరి! అది చారుతరం, అంటే చాలా అందమైనది. ద్రుతం (నకారం) మీద పరుషం ‘చ’ సరళం ‘జ’ అయింది.

ఒంగోలు: సంధి అందరికీ తెలుసు. అక్షరరమ్యత అని తనే చెప్పుకున్న కవికి చెవిలో ‘జారు’ అని పడుతుందని తెలియదా? కావాలనే వేశాడని నా వాదన.

ఆత్మకూరు: ఆ వాదనకు ఆధారం?

ఒంగోలు: యతి చూడండి. ‘వికసన్నవ’లో ‘స’కు ‘చా’ అయినా కుదురుతుంది, ‘జా’ అయినా కుదురుతుంది. నేను తప్పని యతి కూడా చెప్పడం లేదు.

ఆత్మకూరు: ఒప్పని కూడా చెప్పడం లేదు కదా.

పొదిలి: ఇది తేలేలోగా ఇంకొకటి. క్లార్క్‌దే ‘ది డీప్ రేంజ్’, 1957. అందులో తిమింగలాలను ఆవుల మందల్లా సముద్రంలో మేపుతారు. ఆ ఉద్యోగిని తెలుగులో ఏమనాలి? ‘కాపరి’ అంటే చేతిలో కర్ర కనబడుతోంది నాకు.

కావలి: అయ్యా, నా ‘గమ్మున’ సంగతేమైంది?

కోవూరు: కాసేపు గమ్మునుండన్నా. ముందు ‘జారు’ తేలనీ.