పీబీఈతో బ్యాండ్ గ్యాప్ సరిగ్గా వచ్చింది, స్పిన్-ఆర్బిట్ కలపగానే పడిపోయింది. ఏది నమ్మాలి?

రెండో_ఏడు_పీహెచ్‌డీ:
సోలార్ సెల్స్‌లో వాడే మిథైల్ అమోనియం లెడ్ అయోడైడ్ పెరోవ్‌స్కైట్ మీద క్వాంటమ్ ఎస్‌ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు చేస్తున్నాను. మామూలు పీబీఈతో (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని సుమారుగా లెక్కించే పద్ధతి) గ్యాప్, అంటే ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తి అంతరం, 1.6 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్) దగ్గర వచ్చింది, ప్రయోగంలో కొలిచింది కూడా దాదాపు అంతే కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. మా గైడ్ గారు స్పిన్-ఆర్బిట్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కీ దాని కదలికకీ మధ్య ఉండే ప్రభావం, బరువైన పరమాణువుల్లో ఎక్కువ) కూడా కలిపి చూడమన్నారు, కలిపితే 0.5కి దిగిపోయింది. సూడోపొటెన్షియల్స్ (పరమాణువుల లోపలి ఎలక్ట్రాన్ల బదులు వాడేవి) సరైనవే వాడాను, లెక్క ఎంత సూక్ష్మంగా ఉండాలో చెప్పే కటాఫ్, కే-పాయింట్లు పెంచినా మార్పు లేదు. థీసిస్‌లో మొదటిది పెడితే తప్పా?

ఘనస్థితి_వరంగల్:
మీ లెక్కలు బాగానే ఉన్నాయండి, రెండూ అలాగే రావాలి. పీబీఈ గ్యాప్‌ని మామూలుగానే తక్కువ చూపిస్తుంది. సిలికాన్‌కి 1.1 పైన ఉండాల్సింది 0.6 ఇస్తుంది, జెర్మేనియం అయితే గ్యాపే లేకుండా లోహంలా కనిపిస్తుంది. ఇక మీ పదార్థంలో ఉన్నది సీసం, పరమాణు సంఖ్య 82, కండక్షన్ బ్యాండ్ (గ్యాప్‌కి పైనున్న శక్తి స్థాయిలు) అడుగు దాని 6పీ ఆర్బిటాళ్లతోనే ఏర్పడుతుంది కాబట్టి స్పిన్-ఆర్బిట్ ఆ బ్యాండ్లని చీల్చి అడుగుని దాదాపు ఒక ఈవీ కిందికి లాగేస్తుంది. దాన్ని వదిలేస్తే గ్యాప్ పెరుగుతుంది, పీబీఈ వల్ల తగ్గుతుంది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మీకు 1.6 కనిపించింది. దయచేసి ఆ అంకెను "ప్రయోగంతో సరిపోయింది" అని రాయకండి. సీసం బదులు తగరం పెట్టి చూడండి, స్పిన్-ఆర్బిట్ ప్రభావం బాగా తగ్గుతుంది, అప్పుడు ఈ సర్దుబాటు కుదరదు.

రెండో_ఏడు_పీహెచ్‌డీ:
ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్ అండి. మరి పీబీఈ కన్నా కచ్చితమైన పద్ధతుల్లో హెచ్‌ఎస్‌ఈ చేయాలా, జీడబ్ల్యూనా? మాకు కంప్యూటర్ క్లస్టర్ టైమ్ చాలా తక్కువ.

బ్యాండ్_గీతలు:
గ్యాప్ ఒక్కటే కాదు, స్పిన్-ఆర్బిట్‌తో బ్యాండ్ వంపు కూడా మారుతుంది, అంటే ఎఫెక్టివ్ మాస్ (స్ఫటికంలో కదిలేటప్పుడు ఎలక్ట్రాన్‌కి ఉన్నట్టు కనిపించే ద్రవ్యరాశి) మారిపోతుంది. ఎలక్ట్రాన్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పాలంటే స్పిన్-ఆర్బిట్ లేకుండా కుదరదు. నిర్మాణం రిలాక్స్ చేయడానికి, అంటే పరమాణువుల స్థానాలు సర్దడానికి, మాత్రం స్పిన్-ఆర్బిట్ లేని పీబీఈ చాలు, అక్కడ టైమ్ మిగుల్చుకోండి. గది ఉష్ణోగ్రత దగ్గరి టెట్రాగొనల్ సెల్‌కి (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) 48 పరమాణువులు, క్యూబిక్‌కి 12 మాత్రమే, ముందు చిన్నదాని మీద హెచ్‌ఎస్‌ఈ, స్పిన్-ఆర్బిట్ రెండూ కలిపి నడపండి. హెచ్‌ఎస్‌ఈలో కలిపే కచ్చితమైన ఎక్స్ఛేంజ్ (ఎలక్ట్రాన్ల మధ్య క్వాంటమ్ ప్రభావం) మామూలుగా 25 శాతం, దానితో గ్యాప్ ఇంకా తక్కువే వస్తుంది, కొందరు ప్రయోగంతో కలిసేదాకా ఆ శాతం పెంచుకుంటూ పోతారు. మీరూ పెంచితే ఎంత పెంచారో, ఎందుకో థీసిస్‌లో రాసేయండి. జీడబ్ల్యూకి స్పిన్-ఆర్బిట్ కలిపితే 1.6, 1.7 మధ్య వస్తుంది, ఖర్చు మాత్రం విపరీతం. గైడ్ గారిని అడిగి నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మెషీన్ల మీద టైమ్ కోసం అప్లై చేయండి, ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ ఉంది.