మందం మార్చిన ప్రతిసారీ రిజల్ట్స్ చేత్తోనే అప్‌డేట్ చేయాలా?

బీమ్‌బాబు
ఆన్సిస్ వర్క్‌బెంచ్‌లో (భాగాల మీద ఒత్తిడి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ఒక బ్రాకెట్ మోడల్ ఉంది. ప్లేటు మందం, ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) రేడియస్, లోడు మారుస్తూ చూడాలి. మార్చిన ప్రతిసారీ సాల్వ్ కొట్టడం, స్ట్రెస్ ఎంతో డిఫార్మేషన్ ఎంతో చూసి ఎక్సెల్‌లో ఎక్కించడం, స్క్రీన్‌షాట్ తీయడం. ఇదే పని రోజంతా. రాత్రి వదిలేసి వెళ్తే పొద్దున్నకి టేబుల్ రెడీగా ఉండే దారి ఏదైనా ఉందా?

నోడ్‌రాజా
దీనికి స్క్రిప్టు దాకా వెళ్లక్కర్లేదు. ఆ మూడు ఇన్‌పుట్ల పక్కన, కావలసిన రిజల్టు మాగ్జిమం విలువ పక్కన ఉండే చిన్న గడిలో క్లిక్ చేస్తే ‘పి’ అని పడుతుంది. ఇక అవి పారామీటర్లే. పారామీటర్ సెట్‌లో డిజైన్ పాయింట్ల (ఒక్కో వరుసకీ ఒక్కో ఇన్‌పుట్ల కలయిక) టేబుల్ నింపి, ‘అప్‌డేట్ ఆల్ డిజైన్ పాయింట్స్’ నొక్కి ఇంటికి వెళ్లండి. మామూలుగా ప్రతి పాయింటుకీ అంకెలు మాత్రమే మిగులుతాయి. కాంటూర్ (రంగుల్లో ఫలితం బొమ్మ) మళ్లీ తెరిచి చూడాలనుకున్న పాయింట్లకు ముందే ‘రిటెయిన్’ టిక్ పెట్టాలి. అన్నిటికీ పెడితే మాత్రం డిస్కు నిండిపోతుంది.

బీమ్‌బాబు
పనిచేసింది అన్నా, థాంక్స్. కానీ రేడియస్ మారిన కొన్ని పాయింట్లు ఫెయిలయ్యాయి. తెరిచి చూస్తే రిజల్టు పక్కన ప్రశ్నార్థకం. నేను ఎంచుకున్న ఫేస్ (మోడల్ ఉపరితలంలో ఒక ముఖం) కనబడట్లేదట.

లోడ్‌స్టెప్
అసలు తలనొప్పి ఇదే. జామెట్రీ మళ్లీ తయారైనప్పుడు ఫేసుల గుర్తింపు మారిపోవచ్చు, మౌస్‌తో ఎంచుకున్నది గాల్లో వేలాడుతుంది. లోడు, సపోర్టు, రిజల్టు అన్నీ పేరు పెట్టి దాచుకునే నేమ్డ్ సెలెక్షన్‌కి కట్టండి. ఆ సెలెక్షన్ని కూడా క్లిక్ చేసి కాకుండా వర్క్‌షీట్‌లో షరతు రాసి చేయండి: ఫలానా ఎక్స్, ఫలానా వై దగ్గరున్న ఫేస్ అని. మీరు మార్చే కొలతనే షరతుగా పెట్టకండి. రేడియస్ మారుస్తూ రేడియస్‌తోనే ఫేస్‌ని వెతకమంటే అది ఎక్కడ దొరుకుతుంది?

ఎర్రర్ వచ్చిందంటే సంతోషించండి. ఏ గొడవా లేకుండా పక్క ఫేస్ పట్టుకుని అంకె ఇచ్చేస్తే టేబుల్ చూసి ఎవరూ కనిపెట్టలేరు. అందుకే సపోర్టు దగ్గర ఎదురొచ్చే రియాక్షన్ ఫోర్స్‌ని కూడా అవుట్‌పుట్ పారామీటర్ చేయండి. పెట్టిన లోడుకి అది సరితూగని వరుసని ముందు అనుమానించండి.

సీపీ‌ఎస్4
నాది అబాకస్, ఇదీ అలాంటి సాఫ్ట్‌వేరే. విండో తెరవని నోజీయూఐ మోడ్‌లో పైథాన్ స్క్రిప్టు నడిపి, జాబ్ ముగిసేదాకా ఆగి, ఓడీబీ (ఫలితాల ఫైలు) తెరిచి విలువలు ఒక సీఎస్‌వీలోకి రాయిస్తాను. చదివే ముందు స్టేటస్ ఫైలు చివర ‘విజయవంతంగా పూర్తయింది’ అనే వాక్యం ఉందో లేదో స్క్రిప్టే చూడాలి. లేకపోతే సగంలో ఆగిన జాబ్ తాలూకు చివరి ఫ్రేమ్ చదివేసి అదే ఫలితం అనుకుంటుంది. ప్రతి రన్‌కి పేరు మార్చడం ఇంకా మంచిది, పాత ఓడీబీ పొరపాటున కూడా చేతికి రాదు.

ఇంకోటి, పాత స్క్రిప్టులున్నవాళ్లకి: అబాకస్ 2024 నుంచి లోపలి పైథాన్ 3కి మారింది. ప్రింట్ వాక్యాల దగ్గరే ఆగిపోతాయి.

గాలివాటం
ఓపెన్‌ఫోమ్‌లో (ద్రవ, వాయు ప్రవాహాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ఫంక్షన్ ఆబ్జెక్టులు పెడితే రన్ నడుస్తుండగానే ఫోర్సులు, ప్రోబ్ విలువలు ఫైల్లో పడుతుంటాయి. బొమ్మలకి, ఫలితాలు చూపించే పారావ్యూలో ట్రేస్ ఆన్ చేసి ఒక్కసారి చేత్తో చేస్తే పైథాన్ స్క్రిప్టు తనే రాసిపెడుతుంది. ఇక పారావ్యూతో వచ్చే పీవీపైథాన్‌తో ఎన్ని కేసులకైనా నడుపుకోవచ్చు.

నోడ్‌రాజా
బొమ్మలంటే గుర్తొచ్చింది. లెజెండ్ (రంగుల స్కేలు) ఆటోలో వదిలేస్తే ప్రతి కేసులోనూ ఎరుపు రంగుకి వేరే అర్థం. కనిష్ఠం, గరిష్ఠం ముందే బిగించండి, లేకపోతే పక్కపక్కన పెట్టి పోల్చి లాభం లేదు.

బీమ్‌బాబు
షరతుతో సెలెక్షన్ పెట్టాక అన్నీ నడిచాయి. ఒక్క డౌటు. మెష్ (మోడల్ని విడగొట్టే చిన్న గళ్లు) సన్నం చేసినకొద్దీ మాగ్జిమం స్ట్రెస్ పెరుగుతూనే ఉంది, ఆగట్లేదు. ఫిల్లెట్ దగ్గర కాదు, సపోర్టు అంచు దగ్గర.

లోడ్‌స్టెప్
అది సింగ్యులారిటీ. ఫిక్స్‌డ్ సపోర్టు అంచులో ఎంత సన్నం చేస్తే అంత పెరుగుతుంది, ఆ అంకెకి అర్థం లేదు. మొత్తం బాడీ మాగ్జిమం కాకుండా ఫిల్లెట్ ఫేస్ మాగ్జిమంని మాత్రమే పారామీటర్ చేసి టేబుల్ మళ్లీ నడపండి.