సమస్య: "నైటు వెలిగిపోయె లైటు లేక"

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీవి.

నైటు వెలిగిపోయె లైటు లేక

కనీసం ఒక పాదంలో ఇంగ్లీషు మాటలతో ప్రాసయతి (పాదం మొదటి మాటకూ యతి స్థానంలోని మాటకూ ప్రాస) వేయాలి. ఆ జత ఇంగ్లీషు చెవికీ ప్రాసే కావాలి. మనకు రెండో అక్షరపు హల్లు కలిసి, మొదటి అక్షరాలు రెండూ గురువులో, రెండూ లఘువులో అయితే చాలు, గేటు–లైటు చెల్లిపోతుంది. వాళ్లకు చెల్లదు. ఊనిక పడ్డ అచ్చు నుంచి చివరిదాకా ఒకే ధ్వని ఉండాలి. స్పెల్లింగును నమ్మకండి. కాఫ్, టఫ్, దో, త్రూ: నాలుగింటి చివరా అవే నాలుగు అక్షరాలు (ough), ఏ రెండూ కలవవు.

మొదటి పూరణ:
జూను మాసమందు మూను నిండుగ వచ్చె
పవరు పోయెనంట టవరు కూలి
మేడ మీద చాప మేనత్త పరచగా
నైటు వెలిగిపోయె లైటు లేక

నిర్వాహకుడు:
అక్కయ్య గారూ, మేనత్త చాప పరిచిన చోట ఆగిపోయాను. వెన్నెల అక్కడే కురిసింది. పవరు–టవరు లఘువుకు లఘువు, అరుదైన జత. మాసం అనడమూ మంచిదైంది. మంత్‌కు ఇంగ్లీషులోనే సరైన జోడు లేదు. ఒక్క సందేహం: మేడ మీదే ఉన్నారు కదా, "పోయెనంట" ఎందుకు? "పోయె నపుడు" అంటే?

అక్కయ్య:
టవరు కూలిన సంగతి మర్నాడు లైన్‌మన్ చెబితేనే తెలిసింది గురువు గారూ. అందుకే "అంట".

నిర్వాహకుడు:
అయితే కదపకండి.

రెండో పూరణ:
ఫుడ్డు తినుచు మామ గుడ్డని మెచ్చంగ
అత్త మోములోన హాయి విరిసె
స్మైలు వెలుగు చూడ మైలు దాకను పాకె
నైటు వెలిగిపోయె లైటు లేక

నిర్వాహకుడు:
భావం చాలా బాగుంది తమ్ముడూ. దీపం పని నవ్వు చేసింది. స్మైలు–మైలు నిక్కమైన ప్రాస. చిక్కంతా మొదటి పాదంలోనే. ఫుడ్డు–గుడ్డు మన నోట కలుస్తాయి, వాళ్ల నోట ఫూడ్ దీర్ఘం, గుడ్ హ్రస్వం. ఫూడ్‌కు జత మూడ్, గుడ్‌కు జత వుడ్. బ్లడ్ కూడా అదే స్పెల్లింగుతో ఉన్నా మడ్‌తో కలుస్తుంది. 14వ శతాబ్దంలో ఈ మూడింటినీ ఓకారంతోనే పలికేవారు, అప్పుడు మీ ప్రాస చెల్లేది! తర్వాత పలుకుబడి తలో దారి పట్టింది, రాత మాత్రం అలాగే ఉండిపోయింది.

తమ్ముడు:
సవరించాను గురువు గారూ:
ఫూడు రుచికి మామ మూడు చక్కగ మారె

నిర్వాహకుడు:
ఇప్పుడు రెండు చెవులకూ సరిపోయింది.